కరెంటుకి కాపలా

కరెంటు పోగానే అందరి చేతులూ అగ్గిపెట్టె కోసం తడుముకుంటాయి. నా కుడిచెయ్యి మాత్రం దానంతటది పైకి లేస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాల్లో ఏదో సన్నటి వస్తువుని పట్టుకుని నిలబడతాయి. మొన్న ఎదురింటావిడ పేరంటానికి పిలిస్తే వెళ్ళాను. వాళ్ళబ్బాయి కొత్తగా కొన్న రేడియోగ్రాంలో ఏదో పాట పెట్టాడు. సగం పాటలో కరెంటు పోయింది. కాళ్ళకి పసుపు రాయించుకుంటున్నదాన్ని, ఆ పసుపు కాళ్ళతోనే లేచి, గది అవతలికి వెళ్ళి, రికార్డు మీద ముల్లు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. నేలంతా నా అడుగులే.

"అమ్మమ్మగారూ, వదిలెయ్యండి, కరెంటొస్తే అదే పాడుకుంటుంది" అన్నాడు ఆ అబ్బాయి.

వదిలెయ్యడం నాకు నేర్పలేదు నాయనా అన్నాను. పట్టుకోవడం నేర్పినావిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మా పెద్దత్తయ్య, అంటే మా మావగారికి అక్కయ్య.

మావగారు బందరులో ప్లీడరు. నేను కాపురానికి వచ్చేనాటికి మా అత్తగారు కాలం చేశారు. ఇల్లు పెద్దత్తయ్య చేతిలో ఉండేది. ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉండేది. ఒంటిమీద నారమడి చీర, తలమీద ముసుగు. ఊహ తెలియని వయసులో పెళ్ళయి, ఊహ తెలిసేలోపే భర్త పోతే, దివిసీమలో అత్తవారింట్లోనే ఏళ్ళకేళ్ళు చాకిరీ చేసి, అక్కడ చూసుకోవలసిన ముసలివాళ్ళందరూ వెళ్ళిపోయాక తమ్ముడి దగ్గరికి వచ్చింది. ఇంతకుమించి ఆవిడ కథ నాకెవరూ చెప్పలేదు. ఆవిడా చెప్పలేదు. అడిగితే "చెప్పుకునేదేముందే, వండాను, వడ్డించాను, కడిగాను" అనేది. ఆ మాటలో ఏడుపు ఉండేది కాదు.

ఆవిడ జీవితంలోకి ఆ పెట్టె యుద్ధానికి కొంచెం ముందు వచ్చింది.

గుడివాడలో బియ్యం మిల్లున్న ఒకాయన మావగారి కక్షిదారు. కాలవగట్టు తగాదా గెలిచిన సంతోషంలో మద్రాసు నుంచి ఒక గ్రామఫోను తెప్పించి, బందరు స్టేషను నుంచి గడ్డి పరిపించిన ఎడ్లబండి మీద మా ఇంటికి పంపించాడు. మామూలు గ్రామఫోను కాదది. నల్లగా నిగనిగలాడే కర్రపెట్టె. మూతెత్తితే లోపల ఆకుపచ్చ మఖమలు అతికించిన పళ్ళెం. మామూలు వాటికి పాటపాటకీ కీ తిప్పాలి. దీనికి కీ లేదు, స్విచ్చి వేస్తే పళ్ళెం దానంతటదే తిరిగేది. మోటారు కరెంటుది, గొంతు మాత్రం పెట్టె కడుపులో దాచిన గొట్టానిది. ముల్లు బిగించే వంకర గొట్టాన్ని మా ఇంట్లో తొండం అనేవాళ్ళం, రికార్డుని ప్లేటు అనేవాళ్ళం. బందరు మొత్తం మీద ఇలాంటిది ఇంకోటి లేదని మిల్లాయన చెప్పాడు. ఉందో లేదో మేం వెతకబోలేదు.

మావగారికి మాత్రం అది నచ్చలేదు. "ప్లీడరు కొంపా, నాటకాల షెడ్డా?" అన్నారు. ఇచ్చినవాడి మనసు నొచ్చుకుంటుందని హాల్లో ఓ మూల పెట్టించారు.

ఇహ కరెంటు సంగతి. అప్పటికి బందరులో కరెంటంటే కొత్త ముచ్చట. పగలు బాగానే ఉండేది. సాయంత్రం ఊళ్ళో దీపాలన్నీ ఒక్కసారి వెలిగేసరికి కరెంటాఫీసులో ఇంజనుకి ఊపిరాడేది కాదు. ముందు బల్బు ఎర్రబడేది, ఆ తర్వాత కొండెక్కేది. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఆ ఇంజనుకే తెలియాలి. వచ్చేటప్పుడైనా మర్యాదగా వచ్చేదా అంటే అదీ లేదు. ఓ తోపు తోసి, ఆగి, మళ్ళీ తోసి, అప్పుడు నిలదొక్కుకునేది.

పెట్టె బిగించడానికి వచ్చిన మనిషి అందుకే చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు. "కరెంటు పోతే ముందు ముల్లెత్తండి. తర్వాత స్విచ్చి కట్టండి. కరెంటొచ్చాక బల్బు నిలకడగా వెలిగేదాకా ఆగండి. ముల్లు ప్లేటు మీదుండగా పళ్ళెం ఎగిరెగిరి పడిందంటే ప్లేటూ పోద్ది, మోటారూ పోద్ది." అందరం తలలూపాం. వారం తిరక్కుండానే ఓ సాయంత్రం కరెంటు పోయింది. ఒకరు లాంతరు కోసం, ఒకరు కిరసనాయిలు కోసం, నేను అగ్గిపెట్టె కోసం పరిగెత్తాం. ముల్లు సంగతి ఒక్కరికీ గుర్తులేదు. మేం లాంతరు వెలిగిస్తుండగా హాల్లోంచి గొంతు నులిమినట్టు ఓ అరుపు వినిపించింది. కరెంటొచ్చి, పళ్ళెం గుంజుకుని, ముల్లు ప్లేటు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీసుకుపోయింది. లోపలి నుంచి కమురు వాసన కూడా వచ్చింది. మిల్లాయన మనిషి మళ్ళీ గుడివాడ నుంచి రావలసి వచ్చింది.

మావగారు ఆ రాత్రి భోజనాల దగ్గర తీర్పు చెప్పేశారు. "ఇంకొక్కసారి దానికి దెబ్బతగిలితే మిల్లాయనకి తిప్పి పంపించేస్తాను. ఇతరులిచ్చిన వస్తువుని పాడుచేసుకుని కూర్చునే ఇల్లు కాదు నాది."

మావగారి మాటంటే రాతిమీద గీత. అందరం కంచాల్లోకి చూస్తూ కూర్చున్నాం. వడ్డిస్తున్న పెద్దత్తయ్య మజ్జిగ గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగింది.

"అయితే రేపట్నించీ ఆ పెట్టె మడి" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయన నవ్వాడు. "గ్రామఫోనుకి మడేమిటత్తయ్యా?"

"ఆవకాయ జాడీకి మడేమిటని ఎప్పుడైనా అడిగావా? ముట్టుకోకుండా ఊరుకున్నావు. ఇదీ అంతే. నేను తప్ప ఇంకోళ్ళు చెయ్యి వేశారో, వాళ్ళకి నా చేతి వంట లేదు."

నవ్వినవాళ్ళు నవ్వనీ, ఆ ఇంట్లో అంతకంటే గట్టి తాళం ఇంకోటి లేదు. ఇనప్పెట్టెకి తాళం వేసినా తీసే దొంగ ఉంటాడు గాని, పెద్దత్తయ్య మడిని ముట్టుకునే మొనగాడు మా ఇంటా వంటా లేడు. ఆ మర్నాటి నుంచి సాయంత్రం కాగానే ఆవిడ వంటింటి పని ముగించుకుని, స్నానం చేసి, వేరే నారమడి కట్టుకుని హాల్లోకి వచ్చేది. అది అచ్చంగా పెట్టెకోసం కట్టే మడి.

మా ఆయన వేధించడానికి ప్రశ్నలు వేసేవాడు. ముళ్ళు బజార్లోంచి వస్తున్నాయి కదా, వాటి మాటేమిటి? "ఇనుముకి అంటు లేదు." ప్లేట్లు ఏ దేశంలో ఎవరు పోతపోశారో? "లక్క కదూ? లక్కకి మైల లేదు." మరి కరెంటు? ఊరందరి ఇళ్ళూ తిరిగి మనింటికి వస్తోందే! పెద్దత్తయ్య ఓ క్షణం ఆలోచించి, "అది నిప్పులాంటిదిరా. నిప్పుకి అంటేమిటి?" అనేది. ఏ శాస్త్రంలో ఉందని అడిగితే, "నీ కాలేజీ పుస్తకాల్లో ఉండదులే" అనేది. బందరు ఉప్పుగాలికి ముళ్ళు తుప్పు పడుతున్నాయని ఓ ఇత్తడి డబ్బాలో బియ్యం పోసి వాటిమధ్య దాచేది. ప్లేటు తుడవడానికి పాత మడిబట్టలోంచి మెత్తటి ముక్క చింపి పెట్టుకుంది.

పాట మొదలయ్యాక ఆవిడ నిలబడే తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. హాల్లో మావగారి స్నేహితులు నలుగురైదుగురు కుర్చీల్లో కూర్చుని తలలూపుతూ వినేవాళ్ళు. అందరి చూపూ తిరుగుతున్న ప్లేటు మీద. ఈవిడ మాత్రం వాళ్ళకి వీపు పెట్టి, పెట్టె పక్కన నిటారుగా నిలబడి, కుడిచెయ్యి తొండం పక్కన సిద్ధంగా ఉంచి, తలెత్తి బల్బుకేసి చూస్తుండేది. ఎంత గొప్ప సంగతి పడినా, వాళ్ళు భళాభళీ అన్నా, ఆవిడ మెడ తిరిగేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు "ఆవిడకి సంగీతం పట్టదు పాపం" అనుకునేవాళ్ళు. నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను.

బల్బు ఎర్రబడటం మాకెవరికీ తెలియకముందే ఆవిడకి తెలిసేది. "పాటకి ఆయాసం వస్తోంది" అనేది. అనడమూ తొండం ఎత్తడమూ ఒక్కసారే. ఆ తర్వాత బల్బు ఆరిపోయేది. ఎంత ఒడుపుగా ఎత్తేదంటే, కిర్రుమని చిన్న చప్పుడు కూడా వచ్చేది కాదు. ఎక్కడ నేర్చుకున్నారని ఓసారి అడిగాను.

"దివిసీమలో ఉండి ఎత్తడం నేర్చుకోకపోతే ఎట్టాగే? కృష్ణ పొంగే రోజుల్లో పొద్దస్తమానం గట్టుమీద నీళ్ళకేసే చూస్తుండేవాళ్ళం. నీళ్ళు రంగు మారినయ్యంటే చాలు, బియ్యం బస్తాలూ, ఉప్పూ, చింతపండూ, అన్నీ అటకెక్కించేదాన్ని. మా అత్తగారు 'ఇంకా రాలేదుగా, ఎందుకంత కంగారు?' అనేది. వచ్చాక ఎత్తడానికి ఏముంటుందే? రాకముందే ఎత్తాలి."

ఇదంతా ఒక ఎత్తు, ఎత్తిన తర్వాత చేసేది ఒక ఎత్తు. తొండాన్ని దాని చోట పెట్టేసి ఊరుకోవచ్చు. అలా చేసేది కాదు. పాట ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే, ప్లేటుకి వెంట్రుకవాసి పైన, పట్టుకుని నిలబడేది. కరెంటు ఎంతసేపటికి వస్తే అంతసేపు. పెద్దమనుషులు వరండాలోకి వెళ్ళి కబుర్లు చెప్పుకుని, కాఫీ తాగి తిరిగి వచ్చేవాళ్ళు. ఈవిడ చెయ్యి కదిలేది కాదు. నేను పక్కన నిలబడి విసనకర్రతో విసిరేదాన్ని. చూసి చూసి ఓ పెద్దమనిషి, "ఎందుకమ్మా అంత కష్టం? కింద పెట్టెయ్యండి, మళ్ళీ మొదట్నించీ విందాం" అన్నాడు.

"మీరు భోజనం మధ్యలో చెయ్యి కడుక్కోడానికి లేస్తే, విస్తరి తీసేసి మళ్ళీ పప్పు దగ్గర్నించీ వడ్డిస్తే ఒప్పుకుంటారా?" అంది పెద్దత్తయ్య, వెనక్కి తిరక్కుండానే. ఆయన ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

కరెంటొచ్చాక కూడా తొందర లేదు. పళ్ళేన్ని ఉత్తినే తిరగనిచ్చేది. బల్బు తెల్లబడి నిలకడగా వెలిగాక, పసిపిల్లని ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు తొండాన్ని దించేది. ఆగిన మాట దగ్గర పాట అందుకునేది. ఆ ఒక్క క్షణం ఆవిడ ముఖం చూడాలి. నేను విసనకర్ర పట్టుకుని పక్కనే ఉండేదాన్ని కాబట్టి నాకొక్కదానికే ఆ అదృష్టం దక్కింది. సంగీతం పట్టని ముఖం కాదది.

ఇంత జాగ్రత్తపరురాలు ఆ పెట్టెకి చేసిన హాని గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆవిడే ఊరుకోదు.

ఒకరోజు పొద్దున్నే గుడివాడ మిల్లాయన కోర్టు వాయిదాకి వచ్చాడు. మావగారు తయారయ్యేలోపు హాల్లోకి వచ్చి, తనిచ్చిన పెట్టె అద్దంలా మెరుస్తుండటం చూసి మురిసిపోయాడు. "ఏమ్మా, మా పెట్టెని బంగారంలా చూసుకుంటన్నారే!" అని మూతెత్తి, స్విచ్చి వేసి, తిరిగే పళ్ళెం మీద అరచెయ్యి ఆనించి, చంటిపిల్లాడి తల నిమిరినట్టు నిమిరాడు. పెద్దత్తయ్య వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నిలబడిపోయింది. ఇచ్చినవాడు ఆయన, వద్దని ఎలా అంటుంది? మావగారూ ఆయనా జట్కా ఎక్కి వెళ్ళిపోయారు.

బండి వీధి మలుపు తిరగనిచ్చి, పెద్దత్తయ్య చెంబులో నీళ్ళూ తులసిదళం తెచ్చి, మంత్రం చదువుతూ పెట్టెమీద చల్లింది. మైలపడిన దేన్నైనా అలా శుద్ధి చెయ్యడం ఆవిడకి తెలిసిన పద్ధతి. ఆ కాలపు మడి ఎవర్ని గుమ్మంలో నిలబెట్టేదో, ఎవరి చెయ్యి తగిలితే నీళ్ళు చల్లించేదో ఇప్పుడు తల్చుకుంటే నాకు సిగ్గేస్తుంది. అప్పుడు ఎవరికీ అనిపించలేదు, నాతో సహా. స్విచ్చి వేసే ఉందన్న సంగతి మాత్రం ఇద్దరం మర్చిపోయాం. చిటుక్కుమంది. నీలంగా ఓ మెరుపు మెరిసింది. పెద్దత్తయ్య చేతిలో చెంబు ఎగిరి గోడకి తగిలింది. పళ్ళెం ఆగిపోయింది. సన్నగా పొగ.

నేను పరిగెత్తుకెళ్ళి ఆవిడని పట్టుకున్నాను. ఒళ్ళంతా వణుకుతోంది. "మీకేం కాలేదు కదా?" అంటే వినిపించుకోవడం లేదు. పెట్టెకేసే చూస్తోంది.

"పంపించేస్తాడే" అంది. "నేనే చంపేశాను దాన్ని. మీ మావగారు పంపించేస్తాడు."

ఇంకో మెకానిక్కు వస్తాడు, బాగుచేస్తాడు అని ఏదో చెప్పబోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతవరకూ ఆవిడ నన్ను ముట్టుకుని మాట్లాడిన గుర్తు లేదు.

"నీకు తెలీదే అమ్మాయ్. హాల్లో నలుగురు మగాళ్ళు కూచుని పాట వింటుంటే, ముసుగేసుకున్న ముండమోపిని, నేనూ వింటానని వెళ్ళి కూచుంటే ఊరు ఊరుకుంటుందా? కాపలా అంటే ఎవరూ ఏమీ అనరు. మోటారు కాలిపోద్దనీ, ప్లేటు పోద్దనీ నిలబడ్డాను గానీ, ఒక్క పాటా వదల్లేదే. ఆ పెట్టె పోయిందంటే నేను మళ్ళీ వంటింట్లో పొయ్యి చిటపటలు వింటూ కూచోవాల్సిందే. నేనిక ఉండలేనే అట్టా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. ముసుగు సరిచేసుకుని, "పద, ఎండ ఎక్కుతోంది" అంది.

స్విచ్చి కట్టి, తీగ ఊడబీకి, ప్లేట్లన్నీ లోపల నీడలో పెట్టి, పెట్టెని చెరోపక్కా పట్టుకుని పెరట్లోకి మోశాం. వడియాల మంచం మీద, మూత తెరిచి, ఎండకెదురుగా పెట్టాం. ఊళ్ళో వాళ్ళు వడియాలకి కాపలా కాస్తారు. మా పెద్దత్తయ్య కర్ర పుచ్చుకుని గ్రామఫోనుకి కాకుల నుంచి కాపలా కాసింది. అన్నం కూడా తిన్లేదు. మధ్యమధ్య లేచి లోపలికి చెయ్యిపెట్టి తడి ఆరిందేమోనని చూసేది. నడినెత్తిన ఎండ, నారమడిలో ఆవిడ, చుట్టుపక్కల దొడ్లవాళ్ళు గోడల మీంచి తొంగిచూస్తూ. "ఏమండీ, పాటలు ఎండబెట్టారా?" అని పక్కింటావిడ అడిగితే, "ఆఁ, బూజు పట్టాయి" అంది. కరెంటాఫీసు మనిషిని పిలిపిస్తే ఫ్యూజు తీగ మార్చి వెళ్ళాడు. ఎండ వాలాక పెట్టెని లోపలికి మోసి, తీగ తగిలించి స్విచ్చి వేశాం. పళ్ళెం మూలిగి, ఆలోచించి, తిరగడం మొదలెట్టింది.

అక్కడితో నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నేనలాగే అన్నాను కూడా. పెద్దత్తయ్య ఒప్పుకోలేదు. మావగారు వచ్చి కోటు విప్పుతుండగానే ఎదురెళ్ళి చెప్పేసింది. "ఒరే తమ్ముడూ, నీ పెట్టెమీద నీళ్ళు చల్లింది నేనే."

"నీళ్ళా? కరెంటు మీదా?" మావగారి చేతిలో కోటు జారింది. "అక్కయ్యా, నీకేమీ కాలేదు కదా?"

"చెయ్యి జిల్లుమంది."

"జిల్లుమనడమేమిటి! ప్రాణం పోయేది. బుద్ధుందా నీకు?" మావగారు అక్కగారి మీద గొంతు పెంచడం నేనదే వినడం.

"పెట్టె పోతే పంపించేస్తానన్నావు. నేను పోతే ఏం చేస్తానన్నావో చెప్పలేదుగా" అంది పెద్దత్తయ్య.

మావగారు జారిన కోటు తీసి కొయ్యకి తగిలించారు. "ఏదీ, పెట్టు చూద్దాం" అన్నారు. పెద్దత్తయ్య ప్లేటు పెట్టింది. తొండం ఎప్పటిలాగే మెత్తగా దించింది. మావగారు నిలబడే మొదట్నించీ చివరిదాకా విన్నారు. కుర్చీలో కూర్చుంటూ, "దెబ్బతిన్నట్టు సాక్ష్యం లేదు" అని కాఫీ అడిగారు.

ఆ తర్వాత పెద్దత్తయ్య ఆ పెట్టెమీద ఎప్పుడూ నీళ్ళు చల్లలేదు. "నీళ్ళు చల్లితే పోయేది మైల కాదే, మోటారు" అనేది. మళ్ళీసారి మిల్లాయన వచ్చినప్పుడు ఆవిడే పిలిచి, "మీ పెట్టె చూసుకుని వెళ్ళండి బాబూ" అంది. ఆయన నిమిరినంతసేపూ నిమరనిచ్చింది.

బాగానే ఉందనుకుంటుంటే, ఓ ఏడాది కరెంటాఫీసులోకి కొత్త ఇంజను వచ్చింది. పెద్దదట. ఊళ్ళో అందరూ పండగ చేసుకున్నారు. సాయంత్రాలు బల్బు ఎర్రబడటం తగ్గింది, తర్వాత మానేసింది. మొదట్లో పెద్దత్తయ్య రోజూలాగే వచ్చి నిలబడింది. బల్బుకేసి చూసేది, అది తెల్లగా ఆవిడకేసి చూసేది. ఓరోజు స్నేహితుల్లో ఒకాయన మంచిగానే అన్నాడు. "ఇంకెందుకమ్మా మీకీ శ్రమ? ఇప్పుడు కరెంటు పోవడం లేదుగా. లోపల కాస్త నడుం వాల్చండి."

అన్నవాడికి తెలియదు తనేమన్నాడో. పెద్దత్తయ్య "అవున్లెండి" అని వెనక్కి తిరక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు సాయంత్రం వేరే మడి కట్టుకోలేదు. ప్లేటు వేసే పని నాకు అప్పగించింది. "నువ్వు ముట్టుకో. ఫరవాలేదు" అంది. మడే ఎత్తేసింది. నేను ప్లేటు పెడితే ఆవిడ వంటింట్లో, పెరటి వైపు గడప మీద, బియ్యంలో రాళ్ళేరుకుంటూ కూర్చునేది. హాలుకీ ఆ గడపకీ మధ్య వసారా, రెండు గదులు. అక్కడికి పాట రాదు. నేను వెళ్ళి బతిమాలాను. "ఏమని నిలబడనే? కాపలా ఎవరికి? దొంగ లేడుగా" అంది. అన్నం తగ్గించేసింది. మాటలు తగ్గించేసింది. ఊరికి వెలుగొచ్చి ఆవిడకి చీకటొచ్చింది అని మా ఆయనతో ఓసారి అన్నాను. ఆ మాట మావగారి చెవిన పడిందేమో నాకు తెలియదు.

మావగారు ఆవిడని పిలవకపోలేదు. "అక్కయ్యా, కొత్త ప్లేటొచ్చింది, పెడుతున్నాం" అని వసారాలోకి వచ్చి కేక వేసేవారు. "పెట్టుకోండిరా. కరెంటు పోతే పిలవండి" అని జవాబొచ్చేది. ఆయన ఓ నిమిషం నిలబడి తిరిగి వచ్చేవారు. వచ్చి కూర్చోమని అనడం ఆయన వల్లయ్యేది కాదు. అన్నా ఆవిడ రాదు. ఆ ఇద్దరికీ తెలుసు.

కొన్నాళ్ళకి, దీపాలు పెట్టేవేళ, ఎప్పటిలాగే నలుగురు స్నేహితులు వచ్చారు. కొత్త ప్లేటు. నేను ముల్లు దించి పక్కకి వచ్చాను. పాట మంచి పట్టులో పడింది. మావగారు కుర్చీలోంచి లేచి, ఉమ్మెయ్యడానికన్నట్టు వరండాలోకి వెళ్ళారు. అంతే, ఇల్లంతా చీకటి. పాట సాగుతూ సాగుతూ లోతుకి దిగిపోతోంది. నేను చెయ్యి చాపేలోపు వరండాలోంచి మావగారి కేక వినిపించింది.

"అక్కయ్యా! కరెంటు పోయింది! రా!"

ఆవిడ ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. రెండు గదులూ వసారా దాటి, చీకట్లో, ఒక్క గడపకైనా తట్టుకోకుండా. చేతుల్లో బియ్యం గింజలు నేలమీద జలజలా రాలడం వినిపించింది. పళ్ళెం ఆగేలోపే తొండం లేచింది. అమ్మయ్య అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. అప్పుడు చూశాను, మా హాలు పూర్తి చీకటిగా లేదు. కిటికీలోంచి వెలుగు పడుతోంది. ఎదురింట్లో దీపం వెలుగుతోంది. పక్కింట్లో వెలుగుతోంది. వీధి స్తంభం మీద బల్బు తెల్లగా, నిక్షేపంలా వెలుగుతోంది. కరెంటు మా ఒక్క ఇంట్లోనే పోయింది.

పెద్దత్తయ్య తొండం పట్టుకునే మెడ తిప్పి కిటికీకేసి చూసింది. వీధి దీపం చూసింది. ఆ తర్వాత వరండాకేసి చూసింది. మీటరూ మెయిను స్విచ్చీ ఉండేది వరండా గోడకే. మావగారు అటు తిరిగి, గోడకి ముఖం పెట్టి నిలబడి ఉన్నారు. కుర్చీల్లో ఉన్న పెద్దమనుషులకి కూడా అర్థమైనట్టుంది.

"ఒరే తమ్ముడూ" అంది పెద్దత్తయ్య. "మెయిను వెయ్యి."

బల్బు వెలిగింది. పళ్ళెం తిరిగింది. అలవాటు చొప్పున ఆవిడ కాస్త ఆగి, ఆగిన చోటే తొండం దించింది. పాట అందుకుంది. ఆవిడ వెళ్ళిపోతుందేమోనని నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏమే, అట్టా నిలబడ్డావు? ఆ కుర్చీ ఇటు లాగు" అంది.

లాగాను. అందరూ చూస్తుండగా పెద్దత్తయ్య హాల్లో, వెలుగులో, కుర్చీలో కూర్చుంది. వెనక్కి ఆనుకుంది. బల్బుకేసి చూడలేదు. కళ్ళు మూసుకుని, ఒళ్ళో వేళ్ళతో తాళం వేస్తూ పాట విన్నది.

మావగారు మాత్రం ప్లేటు అయ్యేదాకా లోపలికి రాలేదు. వరండాలో మెయిను దగ్గరే, దానిమీద చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. కాఫీ ఇవ్వడానికి వెళ్ళి, లోపలికి రండి మావగారూ అన్నాను.

"ఉండమ్మా" అన్నారు. "అక్కయ్య వింటోంది. ఎవరైనా కట్టేస్తారేమోనని చూస్తున్నాను."